చేపను తిన్నదెవరు?

2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ తగలబడుతున్నప్పుడు డొనాల్డ్ ట్రంప్ ఒక చిన్న చేపను తప్పుపట్టారు. వేలెడంత ఉండే డెల్టా స్మెల్ట్‌ను కాపాడటం కోసం ఉత్తరాది నీటిని దక్షిణానికి రానివ్వలేదన్నారు. నిజానికి అప్పటికి దక్షిణ కాలిఫోర్నియాలోని పెద్ద జలాశయాలలో నీరు బాగానే ఉంది. మంటలు ఆరాయి. చేపల మీద తగవు మాత్రం ఆరలేదు.

శాక్రమెంటో, శాన్ వాకీన్ నదులు కలిసే డెల్టాలో కేంద్రానివి, రాష్ట్రానివి రెండు భారీ పథకాల పంపులు ఉన్నాయి. అవి తోడే నీరు పొలాలకు, సుమారు 2.7 కోట్ల మందికి చేరుతుంది. మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్న ఫ్రీమాంట్, శాన్ హోసె ప్రాంతాలకూ అందులో కొంత అందుతుంది. మరోవైపు, 2018 నుండి వరుసగా కొన్నేళ్లు శరదృతువు సర్వే వలల్లో ఒక్క స్మెల్ట్ కూడా పడలేదు. కాలిఫోర్నియాలో 2023, 2024, 2025 సంవత్సరాలలో సాల్మన్ వాణిజ్య వేటను పూర్తిగా ఆపేశారు. జాలరుల పడవలు ఒడ్డుకే పరిమితమయ్యాయి.

దోషి ఎవరు? నీరు వాడుకునేవారు చారల బాస్ చేపను చూపిస్తారు. 1879లో తూర్పు తీరం నుండి రైలులో తెచ్చి వదిలిన ఈ చేప, సాల్మన్ పిల్లలను తినే మాట నిజమే. జాలరులు పంపులనూ ఆనకట్టలనూ చూపిస్తారు. 1945లో పూర్తయిన షాస్తా ఆనకట్ట, చలికాలపు సాల్మన్ గుడ్లు పెట్టే ఎగువ చల్లని నీటికి దారి మూసిన మాటా నిజమే.

శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించారు. రాష్ట్ర పంపుల ముందున్న క్లిఫ్టన్ కోర్ట్ చెరువులో గుర్తు వేసిన సాల్మన్ పిల్లలను వదిలి, అవతలి జల్లెడ వరకు ఎన్ని చేరాయో లెక్కించారు. ఒక్కో ప్రయోగంలో 63 నుండి 99 శాతం వరకు దారిలోనే మాయమయ్యాయి. ఎక్కువ భాగం బాస్ వంటి చేపల పాలయ్యాయని వారి అంచనా. అయితే బాస్ అక్కడ గుమిగూడేది ఎందుకు? మనిషి తవ్విన చెరువులోకి, మనిషి ఎత్తిన గేటు గుండా ఆహారం కొట్టుకొస్తుంది గనుక! మొకెలమ్నీ నదిలో తినే చేపలను పట్టి తీసేసి చూశారు. మొదటిసారి పిల్లలు ఎక్కువగా బ్రతికాయి. రెండవసారి ఆ మేలు నిలవలేదు. నీటి ప్రవాహం పెంచినప్పుడు మళ్లీ మేలు కనిపించింది.

ఆదికాండము మూడవ అధ్యాయం మనకు గుర్తుకు రావాలి. ఆదాము హవ్వను చూపాడు, హవ్వ సర్పాన్ని చూపింది. సర్పం మోసం చేసిన మాట అబద్ధం కాదు. అయినా దేవుడు ఆ ఇద్దరినీ లెక్క అడగడం మానలేదు. బాస్ తిన్నది, నిజమే. దాన్ని తెచ్చిందెవరు? చెరువు తవ్విందెవరు?

పంపులు ఆపేయమని మేము అనడం లేదు. ఆ నీటిమీద బ్రతికే వ్యవసాయ కూలీలు పేదలే. ఇతరుల తప్పు కంటే ముందు మన వాటాను లెక్కపెట్టుకోవాలన్నదే మా మాట.

గోదావరి తీరాన ఉన్న మనకు ఇది పరాయి కథ కాదు. 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట లక్షలమందికి అన్నం పెట్టింది. అందుకు దేవునికి స్తోత్రం చెల్లిస్తాము. అదే ధవళేశ్వరం దగ్గర, వరద నీటికి సముద్రం నుండి ఎదురీదుతూ వచ్చే పులసకు అడ్డం పడింది. మేలుకు కృతజ్ఞత చెప్పే నోరే నష్టాన్నీ ఒప్పుకోవాలి.

మన ఊరి దగ్గర కొత్త ప్రాజెక్టు మాట వచ్చినప్పుడు సంఘ పెద్దలు అడగవలసిన ప్రశ్నలు రెండున్నాయి. చేపల దారి గురించి ముందుగా అధ్యయనం చేశారా? ఆ నది మీద బ్రతికే జాలరులను అడిగారా? గలిలయ జాలరులను శిష్యులుగా పిలిచిన ప్రభువు సంఘమే ఈ ప్రశ్న అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?