తాళం చెవి పోయిన పెట్టె

పిల్లలూ, మా రుద్రంగికి ఎవరైనా దుబాయి నుంచి వచ్చారంటే ఆ సంగతి ముందుగా తెలిసేది వాడకట్టు పిల్లలకే. పోయిన ఎండాకాలం మా పక్కింటాయన పెద్ద సూట్‌కేసుతో దిగాడు. దానికి మూడు అంకెల తాళం. ప్రయాణపు బడలికలో ఆయన ఆ అంకెలు మరచిపోయాడు. పిల్లలందరూ పెట్టె చుట్టూ చేరి, 000 దగ్గర మొదలుపెట్టి వరసగా తిప్పసాగారు. మూడు అంకెలతో అయ్యేవి వెయ్యి సంఖ్యలే గదా! ఒక్కొక్కదానికి మూడు సెకండ్లు పట్టినా యాభై నిమిషాల్లో అన్నీ అయిపోతాయి. 614 దగ్గర తాళం టక్కున ఊడింది. అందరికీ ఖర్జూరాలు దొరికాయి.

ఇనుప తాళమైతే మరీ సులభం. పూరీ జగన్నాథాలయంలో రత్నభాండారం లోపలి గది తాళపు చెవులు కనిపించడం లేదని 2018లో బయటపడి పెద్ద అలజడి అయింది. 2024 జూలై 14న ఆ గది తెరవబోతే, ఉన్న చెవులు పట్టలేదు. తాళాలు పగలగొట్టి లోపలికి వెళ్ళారు. చెవి పోయినంత మాత్రాన సొత్తు పోలేదు.

పగలగొట్టడానికి వీలులేని తాళం కూడా ఉంది. దాన్ని నేనే వేసి, చెవి నేనే పోగొట్టుకున్నాను.

బడి నుంచి విరమించిన ఏడు, మా ఇంటి ఫోటోలూ, బడి ఫోటోలూ అన్నీ ఒక హార్డ్ డిస్కులో పెట్టించాను. పోయిన మా ఇంటావిడ బతుకమ్మ ఆడుతూ పాడిన పాటలు కూడా అందులోనే ఉన్నాయి. ఎవరైనా ఎత్తుకుపోతే చూడకూడదని దానికి ఒక రహస్యపు మాటతో తాళం వేశాను. ఆ మాటను చిన్న డైరీలో వ్రాసుకున్నాను. దసరాకు ఇంటికి సున్నం వేయించినప్పుడు, పాత కాగితాలతో పాటు ఆ డైరీ కూడా తూకానికి వెళ్ళిపోయింది. అమ్మింది నేనే సుమా!

కోరుట్లలో బాగుచేసే అతని దగ్గరికి తీసుకువెళ్ళాను. అతను చూసి, "సార్, డిస్కు మంచిగనే ఉన్నది. దాంట్ల ఏమున్నదో తెలుస్తలేదు," అన్నాడు.

అతను చెప్పింది నిజమే. ఈ తాళం తలుపుకు వేసేది కాదు. కంప్యూటరు ఒక పెద్ద రహస్య సంఖ్యను తీసుకుని, దాని ప్రకారం ప్రతి అక్షరాన్నీ, ప్రతి బొమ్మనూ అర్థంలేని గందరగోళంగా మార్చి వ్రాస్తుంది. తలుపు విరిచినా లోపల దొరికేది ఆ గందరగోళమే. ఎక్కువగా వాడే పద్ధతి పేరు ఏ.ఇ.యస్. ఇద్దరు బెల్జియం దేశస్థులు తయారుచేయగా, 2001లో అమెరికా ప్రభుత్వం దాన్ని ప్రమాణంగా స్వీకరించింది. అందులో అన్నిటికన్నా చిన్న రకం తాళానికే ఎన్ని చెవులు వీలవుతాయో వ్రాయాలంటే 39 అంకెలు కావాలి. సెకండుకు లక్ష కోట్ల చొప్పున ప్రయత్నించినా, అన్నీ చూడటానికి పట్టే కాలం ఈ విశ్వం వయస్సుకు కోట్ల రెట్లు!

మనం కొట్టే మాట ఆ సంఖ్య కాదు. అసలు సంఖ్యను డిస్కులోనే ఒక మూల దాచి, దానికి మన మాటతో మరొక తాళం వేస్తారు. ఆ మూల చెడిపోతే మాట గుర్తున్నా లాభం లేదు.

మా ఇంట్లో ఇటువంటి తాళం ఎవరూ వేయలేదని పెద్దలు అనుకోవచ్చు. విండోస్ 11లో 2024లో వచ్చిన మార్పు తరువాత, చాలా కొత్త కంప్యూటర్లు మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదటిసారి తెరవగానే తమంతట తామే తాళం వేసుకుంటున్నాయి. 48 అంకెల చెవి ఒకటి ఆ ఖాతాలో ఉంటుంది. మరి ఆ ఖాతా ఎవరిది? కంప్యూటరు అమ్మిన దుకాణం కుర్రవాడు తన ఖాతాతో తెరిచి ఇచ్చి ఉంటే, మీ ఇంటి చెవి అతని దగ్గర ఉన్నట్లే! ఈ రాత్రే చూసుకోండి. ఆ 48 అంకెలూ కాగితం మీద వ్రాసి, పట్టాదారు పాసు పుస్తకం ఉన్నచోట పెట్టండి. మరొక ప్రతి చుట్టాల ఇంట్లో ఉంచండి. చెవిని ఆ కంప్యూటరులోనే దాచడమంటే పెట్టె చెవిని పెట్టెలో వేసి మూయడమే. ఫోటోలకు ఇంకొక నకలు వేరే డిస్కులో ఉండాలి. దాచవలసిన రహస్యమేమీ లేకపోతే దానికి తాళం అక్కరలేదు. దొంగ భయం ఉన్నచోట తాళం వేయవలసిందే, నేను కాదనను.

మా డిస్కు ఇంకా ట్రంకు పెట్టెలో ఉంది. అసలు సంఖ్యను ఎవరూ ఊహించలేరు గాని, నేను పెట్టిన మాట మనిషి పెట్టినదే గదా! మనవరాలు దసరాకు వచ్చినప్పుడల్లా దాన్ని కంప్యూటరుకు తగిలించి, "తాతా, నానమ్మ ఊరి పేరు పెట్టినవా?" అంటుంది. కొట్టి చూస్తాం, తెరుచుకోదు. ఇంతవరకు 43 మాటలు కొట్టాం. ఏవేవి అయిపోయాయో ఒక కాగితం మీద వ్రాసుకున్నాం. ఆ కాగితానికి మాత్రం రెండు ప్రతులు చేశాను.