గ్రహణం నాడు సూర్యుడు మారడు

శ్రీరాంపూర్ బొగ్గుబాయి కాలనీల్లో సూర్యగ్రహణం నాడు చాలా క్వార్టర్లకు తలుపులు పడతాయి. నీళ్ళ బిందెలో, తొక్కు జాడీలో గరిక వేస్తారు. కడుపుతో ఉన్న కోడలిని చీకటి గదిలో మెసలకుండా పడుకోబెట్టి, గ్రహణం విడిచేదాకా మంచినీళ్ళు కూడా ఇయ్యరు. ఆమె పెనిమిటి మాత్రం ఎప్పటిలాగే బాయి దిగుతాడు. అడిగితే ఆచారమని కూడా అనడం లేదు ఇప్పుడు. "ఆ టైమ్‌ల సూర్యుని నుంచి చెడు రేడియేషన్ వస్తదట" అంటున్నారు.

రేడియేషన్ మాట ఎత్తారు కనుక దాని సంగతే చూద్దాం. గ్రహణం పట్టినప్పుడు సూర్యుడిలో కొత్తగా జరిగేదేమీ లేదు. చంద్రుడు అడ్డం వస్తాడు, మనకు చేరే కిరణాలు తగ్గుతాయి. నిజంగా భయపడాల్సిన సూర్యుడు 400 కోట్ల ఏళ్ళ కిందట ఉండేవాడు. వెలుగు ఇప్పటిదాంట్లో ముప్పావు వంతే గానీ, పుట్టిన కొత్తలో ఎక్స్ కిరణాలు వంద రెట్లకు పైగా చిమ్మేవాడు. గాలిలో ఆక్సిజన్ లేదు, అందుకని ఓజోన్ పొరా లేదు. అతినీలలోహిత కిరణాలు నేరుగా నేల మీద పడేవి. జీవం మొదలైంది ఆ భూమ్మీదే.

ఆ కిరణాలే జీవానికి ముడిసరుకు తయారుచేసి ఉండొచ్చని 1929లోనే హాల్డేన్ రాశాడు. తర్వాత మన దేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన శాస్త్రవేత్త ఆయన. 2023లో కొబయాషి అనే శాస్త్రవేత్త బృందం తొలి భూమి గాలిని పోలిన మిశ్రమాన్ని, కిరణాలకు బదులు సూర్యజ్వాలల్లోంచి వచ్చేలాంటి ప్రోటాన్లతో కొట్టి చూసింది. మీథేన్ అర శాతమే ఉన్నా అమైనో ఆమ్లాలు పుట్టాయి. మెరుపుల్లాంటి విద్యుత్ రవ్వలతో అయితే 15 శాతం దాకా కావలసి వచ్చింది. బాయిలో మైనింగ్ సర్దార్లు రోజూ పరీక్షించే గ్యాసు అదే మీథేన్. జీవం అచ్చంగా ఇట్లాగే పుట్టిందని ఇంకా తేలలేదు. కానీ ఈ మాటను ప్రయోగం చేసి సరిచూడవచ్చు, తప్పయితే వదిలేయవచ్చు. గరిక పోచకు అలాంటి పరీక్ష ఎవరు పెట్టారు?

అవే అతినీలలోహిత కిరణాలు డీఎన్ఏను దెబ్బతీస్తాయి కూడా. ఆ గాయాన్ని వెలుతురు సాయంతోనే బాగుచేసే ఫోటోలైయేజ్ అనే ఎంజైమ్ బాక్టీరియాలో, మొక్కల్లో ఇవాళ్టికీ పనిచేస్తోంది.

ఇక గ్రహణం వల్ల బిడ్డకు మొర్రి వస్తుందనే భయం సంగతి. బిడ్డ పెదవి గర్భం నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల అతుక్కుంటుంది. అతుక్కోకపోవడానికి జన్యువులు, తల్లి పొగతాగడం, షుగరు, కొన్ని మందులు కారణాలు కావచ్చు. చంద్రుడి నీడ కాదు. పుట్టాక ఆపరేషన్‌తో సరిచేస్తారు. నిండు గర్భిణిని ఎండాకాలంలో గంటల తరబడి నీళ్ళు లేకుండా ఉంచితే జరిగే నష్టం మాత్రం నిజమైనది. జాగ్రత్త పడాల్సింది కళ్ళ విషయంలో. సరైన గ్రహణం అద్దాలు లేకుండా సూర్యుణ్ణి చూస్తే రెటీనా కాలుతుంది, అదీ నొప్పి తెలియకుండానే.