పెన్సిలుతో రాసిన అర్జీ

ప్రభుత్వ కొలువులో ఉన్న రోజుల్లో మా బల్ల మీదికి వచ్చిన అర్జీలకు లెక్క లేదు. నమూనా ప్రకారం లేదనో, స్టాంపు అతికించలేదనో తపాలు దశలోనే తిప్పి పంపినవి కొన్ని ఉన్నాయని ఒప్పుకోవడానికి నేడు మాకు సంకోచం లేదు. బహుశా అందుకేనేమో, అమెరికా న్యాయవ్యవస్థను గురించి చదివినప్పుడల్లా మా మనసు ఒక ఖైదీ పెన్సిలుతో రాసుకున్న అర్జీ వద్దనే ఆగిపోతుంది.

1961లో ఫ్లోరిడా రాష్ట్రంలో క్లారెన్స్ ఎర్ల్ గిడియన్ అనే నిరుపేదపై దొంగతనం అభియోగం మోపారు. వకీలును పెట్టుకునే స్తోమత తనకు లేదని, కోర్టే ఇప్పించాలని అతడు వేడుకున్నాడు. మరణశిక్ష పడదగిన కేసులలో తప్ప రాష్ట్ర చట్టం అందుకు అంగీకరించదన్నారు న్యాయమూర్తి. తన వాదన తానే వినిపించుకున్న గిడియన్‌కు ఐదేళ్ల శిక్ష పడింది. జైలు నుంచే సుప్రీంకోర్టుకు రాశాడు. రాజ్యాంగపు ఆరవ సవరణ ఇచ్చిన న్యాయవాది హక్కు రాష్ట్రాల కోర్టులకూ వర్తిస్తుందని 1963లో ఆ కోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. పునర్విచారణలో వకీలు పక్కన నిలబడగా జ్యూరీ అతణ్ణి నిర్దోషిగా తేల్చింది. మనిషి అతడే, అభియోగమూ అదే!

ఆ దేశంలో ఫెడరల్ కోర్టులు వేరు, రాష్ట్రాల కోర్టులు వేరు. ఫెడరల్ న్యాయమూర్తులను అధ్యక్షుడు ప్రతిపాదిస్తే సెనేట్ ఆమోదిస్తుంది. వారి పదవి సాధారణంగా జీవితకాలం. పలు రాష్ట్రాలలో న్యాయమూర్తులు ఎన్నికలలో ఓట్లడిగి గెలుస్తారు. ఇది మాకు బొత్తిగా మింగుడుపడని సంగతి.

అర్కాన్సాస్ జైలులోని ఒక ముస్లిం ఖైదీ అర్ధ అంగుళం గడ్డం కోసం చేతిరాతతోనే సుప్రీంకోర్టు తలుపు తట్టాడు. చర్మవ్యాధి ఉన్నవారికి పావు అంగుళం గడ్డాన్ని అనుమతించిన జైలు, మతవిశ్వాసానికి మాత్రం అడ్డు చెప్పింది. 2015లో తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఖైదీ పక్షానే నిలిచారు.

ఇంతమాత్రాన ఆ కోర్టును నెత్తిన పెట్టుకోనక్కర లేదు. జపాన్ సంతతివారిని యుద్ధకాలంలో ఇళ్ల నుంచి వెళ్లగొట్టడాన్ని 1944లో సమర్థించినదీ ఆ కోర్టే. ఆ తీర్పు ఘోరమైన తప్పిదమని 2018లో అంగీకరిస్తూ, అదే తీర్పులో, అధికసంఖ్యలో ముస్లిం దేశాలవారిపై విధించిన ప్రయాణ నిషేధాన్ని ఐదుగురు, నలుగురి తేడాతో నిలబెట్టినదీ అదే.

మన దేశంలో ఉచిత న్యాయసహాయం రాజ్యాంగపు 39ఏ అధికరణంలో ఉంది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం నిర్బంధంలో ఉన్నవారికీ, స్త్రీలకూ, షెడ్యూల్డు కులాలు, తెగలవారికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలును ఇవ్వాలి. అయినా, కొడుకు అరెస్టయ్యాడని ఏడుస్తూ ఆ మధ్య మా వద్దకు వచ్చిన ఒక తల్లి అప్పటికే చెవికమ్మలు తాకట్టు పెట్టి మధ్యవర్తి చేతిలో డబ్బు పోసింది. కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ గది ఉందని ఆమెకు చెప్పినవారు లేరు. మరునాడు ఆమెను అక్కడికి తీసుకువెళ్లాము. తెల్లకాగితం మీద అర్జీ మేమే రాశాము, ఆమె వేలిముద్ర వేసింది. గుమాస్తా దాన్ని తిప్పి పంపలేదు.