పాడిరైతులకును గృహస్థులకును విన్నపము



పొదుగువాపు సోకిన గేదె చన్నులలోనికి యాంటీబయాటిక్ మందు ఎక్కించి, గడువు తీరకమునుపే పిదికిన పాలకు చేమిరి వేసినచో, అవి తెల్లవారినను సరిగా తోడుకొనక నీళ్లు విరిగినట్లుండుట పాడి చేయువారిలో పలువురెరిగినదే. పాలలో మిగిలిన మందు పెరుగునకు మూలమైన సూక్ష్మజీవులను అణచివేయుటయే దీనికి హేతువు. రోగమును హరింపవలసిన ఔషధము ఇట్లు మనకు మేలుచేయు జీవులపై వృథాగా వ్యయమగుచుండగా, ఆ జాతి జీవులే ఆ ఔషధమునకు సహాయము కాగలవని శాస్త్రము చెప్పుచున్నది.

ఫ్లెమింగు లండనులో పెన్సిలినును గుర్తించిన 1928వ సంవత్సరముననే, అమెరికాలో రోజర్స్, విట్టియర్ అను పాడిశాస్త్రజ్ఞులు పాలను పులియజేయు సూక్ష్మజీవి యొకటి తన పొరుగుజీవుల పెరుగుదలను అరికట్టుచున్నదని ప్రకటించిరి. లాక్టోకాకస్ లాక్టిస్ అను ఆ జీవి స్రవించు పదార్థమునకు 1947లో ఇంగ్లండున మాటిక్, హిర్ష్ అనువారు నైసిన్ అని పేరిడిరి. చీజు మొదలగు ఆహారములు చెడకుండుటకై దానిని పెక్కు దేశములు దశాబ్దులుగా వాడుచున్నవి.

రోగకారక జీవి తన గోడను కట్టుకొనుటకు సిద్ధపరచుకొన్న ముడిసరుకును నైసిన్ పట్టుకొని, ఆ గోడ పని నిలిపివేయుటయే గాక, లోపలి పొరకు రంధ్రములు పొడుచును. ఇ-కోలై వంటి కొన్ని జీవులకు వెలుపల మరియొక పొర కవచమై యుండుటచే నైసిన్ ఒంటరిగా లోనికి పోజాలదు; కాని పాలీమిక్సిన్ అను యాంటీబయాటిక్ ఆ కవచమును సడలించినచో, నైసిన్ ప్రవేశించి తన పని నెరవేర్చును. రెండును కలిసినప్పుడు తక్కువ మోతాదుతోనే ఎక్కువ ఫలము కలుగుచున్నదని ప్రయోగశాలలలో పలుమార్లు తేలినది.

అయినను ఇది ఇంకను రోగి మంచము చెంతకు చేరిన వైద్యము కాదు. మనము నోట తీసికొన్న నైసినును జీర్ణరసములు విరిచివేయును. కావున పెరుగు, మజ్జిగ దివ్యాహారములే యైనను, జ్వరమునకు వైద్యుడు వ్రాసిన మందునకు బదులని ఎవ్వరును భ్రమింపరాదు. పైగా, ఏ యాంటీబయాటిక్ పక్కన ఈ సహాయము నిలువవలెనో ఆ యాంటీబయాటిక్కే మొద్దుబారినచో, సహాయము వచ్చియు ప్రయోజనము స్వల్పము. మందులకు లొంగని సూక్ష్మజీవుల వలన 2019లో ప్రపంచమున పన్నెండు లక్షలకు పైగా జనులు మరణించిరని అంచనా.

కావున పాడిరైతులకు నా ప్రార్థన: పశువైద్యుని అడుగక పొదుగునకు మందు ఎక్కింపకుడు, ఎక్కించిన పిదప ఆయన చెప్పిన గడువు ముగియువరకు ఆ పాలను కేంద్రమునకు పోయకుడు, ఇంట వాడకుడు, పాలు పిదుకుటకు ముందును వెనుకను పొదుగును శుభ్రపరచి, అసలు వాపే రాకుండ చూచుకొనుడు. గృహస్థులారా, జలుబు చేసినంతనే మందుల దుకాణమున ఎర్రగీత గల యాంటీబయాటిక్ మాత్రలను అడిగి కొనకుడు. నిరుడు మిగిలిన మాత్రను బిడ్డకు వేయకుడు. వైద్యుడు చెప్పిన మోతాదును మీయంతట మీరు మార్చకుడు. పశువైద్య, పాడి కళాశాలల అధ్యాపకులారా, మన పల్లెల చేమిరిలోని జీవులను సేకరించి, వాని స్రావములను పొదుగువాపు కారకములపై పరీక్షింపజేయుడు.

ఈ విన్నపమును మీ పాలకేంద్రమున, ఉదయము పాలు పోయవచ్చినవారికి ఒక్కమారు చదివి వినిపింపవలసినదిగా వేడుకొనుచున్నాను.