బట్టమేక తిరిగొస్తే దిగడానికి నేల ఉందా?

2022 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 63 పులులున్నాయని తేలినప్పుడు మా నంద్యాల జిల్లాలో అందరం సంబరపడ్డాం. సంబరపడాల్సిన సంగతే. నల్లమల పులికి అడవి ఉంది, అడవికి హద్దులున్నాయి, హద్దులను కాచే మనుషులున్నారు. అదే జిల్లాలో మిడుతూరు మండలం రోళ్లపాడు దగ్గర 614 హెక్టార్ల గడ్డి మైదానం కూడా ఉంది. 1988లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించింది బట్టమేక పిట్ట కోసం. అభయారణ్యం ఇప్పటికీ ఉంది. కృష్ణజింకలున్నాయి, నక్కలున్నాయి. బట్టమేక మాత్రం కొన్నేళ్లుగా కనిపించడం లేదు.

నేను నందికొట్కూరు చుట్టుపక్కల బడుల్లో సైన్సు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో చాలామందికి ఈ పిట్ట పుస్తకంలో బొమ్మగానే తెలుసు. డిగ్రీ చదివే రోజుల్లో నేను దాన్ని కళ్లారా చూశాను. వానలు పడి బోదగడ్డి మోకాలి ఎత్తు లేచే కాలంలో, తెల్లవారుజామున, కాస్త మెరకగా ఉన్న చోట మగపక్షి వచ్చి నిలబడేది. నిలువెత్తున దాదాపు మీటరు, బరువు పదిహేను కిలోల దాకా ఉంటుంది. తోకను వీపు మీదికి విరిచి, గొంతు కింది తెల్లటి సంచిని గాలితో నింపి కాళ్ల దాకా వేలాడేసేది. ఆ తర్వాత వచ్చే పిలుపు చెవికంటే ముందు ఛాతీకి తగిలినట్టుండేది. గొర్రెల కాపర్లు ఆ పిలుపు విని ఆ పక్కకు మందను తోలేవారు కాదు.

ఆడపక్షి ఏడాదికి పెట్టేది సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు. అదీ వట్టి నేల మీద. గూడంటూ ఏమీ కట్టదు. ఒక కుక్క, ఒక ట్రాక్టరు చక్రం, దారి తప్పిన ఒక గొర్రె చాలు, ఆ ఏటి సంతానం పోయినట్టే. ఇంత నెమ్మదిగా పెరిగే జీవికి కావాల్సింది ఎవరూ కదిలించని విశాలమైన చోటు. అది మెట్ట సేద్యం రోజుల్లో మా ప్రాంతంలో దానంతటదే ఉండేది. జొన్న, కొర్ర, ఆముదం చేలు, మధ్యలో పడావు పడ్డ పొలాలు, వాటి పక్కన పశువులు మేసే బీళ్లు. పిట్ట చేలో మిడతలు, పురుగులు ఏరుకు తినేది, బీడులో రేగుపళ్లు తినేది, గడ్డిలో గుడ్డు పెట్టేది. 614 హెక్టార్లు దానికి ఏనాడూ చాలలేదు. చుట్టూ రైతుల పొలాలుండబట్టే అది బతికింది.

నీళ్లు వచ్చాక పొలాల తీరు మారింది. దశాబ్దాల తరబడి కరువు చూసిన రైతు నీళ్లు వదులుకోవాలని నేననను. ఎవరూ అనకూడదు. కానీ కాలువ నీళ్లతో పడావు పొలాలు పోయాయి, మెట్ట పైర్లు తగ్గాయి, పురుగుమందులు పెరిగాయి. అలగనూరు రిజర్వాయరు వచ్చి కొంత బీడును ముంచింది. మిగిలిన చోటికి కృష్ణజింకలు చేరి, వాటి సంఖ్య పెరిగి, చుట్టూ చేల మీద పడ్డాయి. ఒక పెద్దాయన నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. “సారూ, బట్టమేక మా చేలో పురుగులేరుకుని తినేది. జింక చేనే తింటాది. రెండింటినీ కాపాడేది ఒకే ఆఫీసోళ్లు. మేం ఎవర్ని నమ్మాల?” రాత్రంతా మంచె మీద నిద్ర లేకుండా చేను కాచుకునే మనిషి అడిగిన ప్రశ్న అది. దానికి జవాబు చెప్పకుండా ఏ అభయారణ్యమూ నిలవదు.

దేశంలో ఈ పక్షులు మొత్తం మీద రెండు వందలు కూడా లేవు. ఉన్నవాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్ జైసల్మేర్ ఎడారిలోనే. అక్కడ వాటికి కరెంటు తీగలు యమపాశాలయ్యాయి. బట్టమేక కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, ఎదురుగా ఉన్న తీగ దానికి సరిగా ఆనదు. దగ్గరికి వచ్చాక కనిపించినా అంత బరువైన ఒళ్లు చప్పున పక్కకు తిరగదు. థార్‌లో ఏటా 18 పక్షుల దాకా ఇలా చనిపోతున్నాయని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. 2021లో సుప్రీంకోర్టు తీగలను భూమిలోంచి వేయమంది. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి విషయాన్ని నిపుణుల కమిటీకి అప్పగించింది. సౌర విద్యుత్తూ కావాలి, పక్షీ కావాలి అన్న చిక్కుముడి అది.

అయినా నేను ఆశ వదులుకోలేదు. 2019 నుంచి జైసల్మేర్ దగ్గర శాస్త్రవేత్తలు మైదానంలో దొరికిన గుడ్లను తెచ్చి పొదిగిస్తున్నారు. పిల్లలు పెరిగి పెద్దవయ్యాయి, జతకట్టి మళ్లీ గుడ్లు పెట్టాయి. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతోనూ ఒక పిల్ల పుట్టింది. ఇంత జాగ్రత్తగా పెంచిన పక్షులను ఏదో ఒకరోజు బయటికి వదలాలి. ఎక్కడ వదులుతారు? ఒక్క రాజస్థాన్‌నే నమ్ముకుంటే ఒక్క రోగం, ఒక్క కరువు చాలు. దక్కనులోనూ కొన్ని చోట్లు సిద్ధంగా ఉండాలి. రోళ్లపాడు పేరు ఆ జాబితాలో ఉండాలన్నది నా కోరిక.

కానీ అప్పటికి ఇక్కడ బీడు మిగిలి ఉండాలి కదా. ప్రభుత్వ రికార్డుల్లో పులి అడవికి ఉన్న విలువ గడ్డి మైదానానికి లేదు. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి కేంద్రం తయారుచేసే బంజరు భూముల అట్లాసులో పొదలు, గడ్డి ఉన్న నేలలు కూడా బంజరు కిందే లెక్కకొస్తాయి. బంజరు అని రాసుకున్నాక దాన్ని ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది: సోలార్ పలకలు పరచాలని, పరిశ్రమకు ఇవ్వాలని. మా పక్కనే గని, శకునాల గ్రామాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. విద్యుత్తు దేశానికి అవసరమే. అయితే అలాంటి నేల ఇచ్చే ముందు అక్కడ ఏ జీవి గుడ్డు పెడుతోందో ఒక్క వానాకాలమైనా తిరిగి చూడాలి.

ఇంకో ప్రమాదం చెట్ల రూపంలో వస్తుంది. మంచి మనసుతోనే చాలామంది ఖాళీగా కనిపించే బీడులో మొక్కలు నాటుతారు. బట్టమేకకు చెట్లు అక్కర్లేదు. నలువైపులా దూరం కనిపించే తెరిపి నేలే దానికి రక్ష. సీమతుమ్మ అల్లుకున్న మైదానంలో నక్క ఎక్కడ పొంచి ఉందో దానికి తెలియదు. గడ్డి బీడులో మొక్క నాటడం ఆ బీడును పోగొట్టడమే. వనమహోత్సవాల పేరుతో బడిపిల్లలను మైదానాలకు తీసుకెళ్లే ఉపాధ్యాయులకు ఇది మరీ మరీ చెబుతున్నాను.

చేయాల్సింది పెద్ద రహస్యమేమీ కాదు. అభయారణ్యంలో సీమతుమ్మను వేళ్లతో సహా తీసేయాలి. ఊరకుక్కలను అదుపు చేయాలి. చుట్టుపక్కల గ్రామాల్లో కొర్ర, జొన్న వేసి కొంత పొలాన్ని పడావు ఉంచే రైతుకు ఎకరాకు ఇంత అని ఏటా చెల్లించాలి. జింకలు తిన్న పైరుకు పరిహారం ఆ పంటకాలంలోనే చేతికందాలి, ఆఫీసుల చుట్టూ తిప్పకూడదు. చిరుధాన్యాలకు నేడు పట్టణాల్లో గిరాకీ ఉంది. ఆ గిరాకీని ఈ ఊళ్లకు మళ్లిస్తే రైతుకూ నష్టం ఉండదు. ఇవన్నీ పక్షి వచ్చాక చేద్దామంటే కుదరదు. బీడు కుదుటపడడానికి ఏళ్లు పడుతుంది. జైసల్మేర్ పిల్లలు సిద్ధమయ్యేనాటికి మన నేల సిద్ధంగా ఉండాలంటే పని ఈ వానాకాలమే మొదలవ్వాలి.

రోళ్లపాడు చుట్టూ ఉన్న పంచాయతీల సర్పంచులకు, మా ఎమ్మెల్యేలకు, అటవీ శాఖ పెద్దలకు ఒక్కటే విన్నపం. మిగిలిన బీళ్లు ఎక్కడెక్కడ ఎన్ని ఎకరాలున్నాయో గ్రామసభల్లో కాపర్లను, రైతులను కూర్చోబెట్టి సర్వే నంబర్లతో సహా రాయించండి. ఆ జాబితా తేలేదాకా వాటిలో ఒక్క ఎకరాన్నీ ఎవరికీ ఇవ్వకండి.