మూడేళ్ల రాజధానిని చూపించండి

కర్నూలుకు కొత్తగా వచ్చినవాళ్లు ముందు వెళ్లేది కొండారెడ్డి బురుజుకే. విజయనగర రాజుల నాటి కోటలో మిగిలిన ఆ బురుజు ముందు ఫొటో దిగితే ఊరు చూసినట్టే లెక్క. ఈ ఊరు ఒకప్పటి రాజధాని అన్న సంగతి చాలామంది చెవిన పడదు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఇక్కడే మొదలైంది. నెహ్రూ ప్రారంభించారు, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి అయ్యారు. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో ఎంచుకునే హక్కు సీమది. రాజధాని కర్నూలుకు వచ్చింది, హైకోర్టు గుంటూరుకు పోయింది. భవనాలు చాలక ఆఫీసులు డేరాల్లో నడిచాయి. కర్నూలు ఎండల్లో డేరా కింద ఫైళ్లు చూడటమంటే ఏమిటో ఇక్కడివాళ్లకు వేరే చెప్పాలా? 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలింది.

రాజధాని పోయినా ఊళ్లో తినడానికి, చూడటానికి కొదవ లేదు. పొద్దున ఉగ్గాని తినకపోతే ఈ ఊరు వచ్చినట్టే కాదు. నానబెట్టి పిండిన బొరుగులకు ఉల్లి, పచ్చిమిర్చి, పసుపుతో తాలింపు, పైన పప్పుల పొడి, పక్కన వేడివేడి మిరపకాయ బజ్జి. ఆ తర్వాత హంద్రి ఒడ్డున అబ్దుల్ వహాబ్ గుమ్మటం చూడొచ్చు.

2021లో ఊరి దగ్గర ఓర్వకల్లు విమానాశ్రయం తెరిచారు, రావడం సులువైంది. ఇక చుట్టాలొస్తే చూపించడానికి ఒక్క బురుజు చాలదు. పర్యాటక శాఖ రాజధానిగా ఉన్న ఆ మూడేళ్ల ఫొటోలు, ఉత్తర్వులతో ఒక చిన్న ప్రదర్శనశాలైనా పెట్టాలి. అప్పటి ఉద్యోగుల ఇళ్లలో కాగితాలేవైనా మిగిలుంటే, చెదలు తినకముందే సేకరించాలి.