టార్చికి పెద్ద చిప్పు కాదు, రంగు చూపే చిప్పు వెయ్యండి

శిడ్లఘట్ట పక్క గానీ హొసూరు పక్క గానీ, పురుగుల ఇంటి తలుపు దగ్గర మేకుకు ఒక జూమ్ టార్చి వేలాడతానే ఉంటాది. తల ముందుకు లాగితే వెలుగు సన్నంగా దూరం పోతాది, వెనక్కి తోస్తే వెడల్పుగా పరుచుకుంటాది. రాత్రి మేతకు, కరెంటు పోయినప్పుడు, తోటలోకి పోతే పాముల భయానికి, అన్నిటికీ అదే. వెలుగు తగ్గితే పారెయ్యకుండా లోపలి ఎల్‌ఈడీ మార్పించుకునేవాళ్లు ఇప్పుడు చానా మంది ఉండారు. మంచి పనే. కానీ అంగట్లో అందరూ అడిగేది ఒకటే, "ఇంకా పెద్ద చిప్పు ఉందా? ఇంకా ఎక్కువ వాట్లది ఉందా?" అని. పురుగులు మేపే మనం అడగాల్సింది అది కాదని మేమంటాము.

నాలుగో జ్వరం దాటినాక రాత్రిపూట మనం టార్చి వేసి చూసేది ఏమిటి? పాలరోగం తగిలిన పురుగు ఉందా అని. తోలు బిగిసి మెరుస్తా ఉంటాది, కణుపుల దగ్గర ఉబ్బుతాది, తినకుండా అంచుల వెంబడి తిరగతా ఉంటాది. ఇంకొన్నాళ్లకు పండిన పురుగులు ఏవో చూసి చంద్రికలకు ఎక్కించాల. ఇవన్నీ సన్నని రంగు తేడాలు. అగ్గువ టార్చిల్లో వచ్చే నీలం కలిసిన తెల్ల వెలుగులో మంచి పురుగు, జబ్బు పురుగు, పండిన పురుగు అన్నీ ఒకే మాదిరి పాలిపోయి కనిపిస్తాయి. ఆ రాత్రి కనపడకుండా పోయిన ఒక్క పురుగు తోలు పగిలి, పాల మాదిరి నీళ్లు ఆకు మీద పడితే, ఆ ఆకు తిన్నవాటికన్నిటికీ అంటుకుంటాది. నెల కష్టం, ఆకు ఖర్చు, కూలి, అంతా దాంట్లోనే పోతాది.

అందుకే వాట్లు కాదు, సీఆర్‌ఐ అడగండి. అంటే రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే లెక్క. 90 పైన ఉండాల. రంగు 4000 నుంచి 4500 కెల్విన్ ఉంటే చాలు. నిచియా 219బీ అనేది ఈ జాతిదే. క్రీ ఎక్స్‌పీ-ఈ, ఎక్స్‌పీ-జీ చిప్పుల మాదిరే సుమారు 3.5 మిల్లీమీటర్ల చదరం. వెలుగు కొంచెం తక్కువ ఇస్తాది, ఇవ్వనీ. పురుగుకు ఎట్లా మసక వెలుతురే ఇష్టం, 15 నుంచి 30 లక్స్ చాలు దానికి.

ఇంకో సంగతి. జూమ్ చేసి గోడ మీద వేస్తే చదరంగా ఒక మచ్చ పడతాది కదా, అది చిప్పు బొమ్మే. చిప్పు పెద్దదైతే ఆ చదరం పెద్దదవుతాది, దూరం తగ్గతాది. తోటకు దూరం కావాలనేవాళ్లు పెద్ద చిప్పు వేయించుకుంటే ఉన్నది కూడా పోతాది. 6 వోల్టులు, 12 వోల్టుల చిప్పులైతే ఒకే లిథియం సెల్లు ఉండే మామూలు టార్చిలో వెలగనే వెలగవు.

పని చేయించేటప్పుడు పక్కనే నిలబడండి. ముందు సెల్లు తీసెయ్యాల. చిప్పు కింది పలక లోహపు భాగానికి బాగా ఆనుకొని, మధ్యలో వేడి లాగే పేస్టు పలచగా ఉండాల. అది లేకుంటే చిప్పు కాగి తొందరగా మసకబారతాది. పలక మందం మారితే జూమ్ కూడా సరిగా కూర్చోదు.

జూమ్ తల ముందుకూ వెనక్కూ జరిపినప్పుడల్లా సైకిలు పంపు మాదిరి గాలి లోపలికి లాగతాది. విజేత పొడి, సున్నం చల్లేటప్పుడు టార్చి చేతిలో ఉంటే ఆ దుమ్మంతా అద్దం వెనక చేరతాది. కొత్త చిప్పు వేసినా వెలుగు రాలేదనే చానా మంది కథ ఇదే. చల్లే పూట టార్చి బయట పెట్టండి.

డబ్బులిచ్చే ముందు మీ అరచెయ్యి మీద వెలుగు వేసి చూడండి. చెయ్యి ఎర్రగా, నెత్తురు ఉన్నట్టు కనపడాల. బూడిద పూసినట్టు కనపడితే ఆ చిప్పు ఊడబీకమనండి.